జియోక్యాషింగ్ పుట్టింది మే 2నా, మే 3నా? ఒక నల్ల బకెట్టు కథ

గోదారిగట్టు (రాజమండ్రి, ప్రస్తుతం పోర్ట్‌లాండ్)

అందరికీ నమస్కారం. మా అబ్బాయి దగ్గరికి వచ్చి నెలన్నర అయింది. మనవడికి తొమ్మిదేళ్ళు. పోయిన ఆదివారం పొద్దున్నే "తాతా, క్యాషింగ్‌కి పోదాం రా" అన్నాడు. ఆదివారం బ్యాంకు ఉండదు కదరా అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు.

తీరా చూస్తే అది డబ్బు క్యాష్ కాదట. ఫోను పట్టుకుని నన్ను పార్కంతా తిప్పాడు. ఒక చెట్టు తొర్రలోంచి అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా తీశాడు. అందులో చుట్టచుట్టిన కాగితం, దాని మీద ఎవరెవరివో పేర్లు, తేదీలు. వీడూ పేరు రాసి, డబ్బా మళ్ళీ అక్కడే పెట్టి, పైన ఎండుటాకులు సర్ది వచ్చేశాడు. ఏమీ తీసుకోలేదు! ఇంతోటిదానికి రెండు మైళ్ళు నడిపించాడా అనిపించింది కానీ, చెప్పొద్దూ, డబ్బా దొరికినప్పుడు నాకూ ఒళ్ళు ఝల్లుమంది.

ఇప్పుడు అసలు సంగతి. వాడికి స్కూల్లో దీని మీదే ప్రాజెక్టు. ఈ ఆట మన పక్క ఊళ్ళోనే పుట్టిందని వాడు. కాదు, ఇంగ్లండులో ఎప్పుడో ఉందని కోడలు. పుట్టినరోజు మే 2 అని ఒకచోట, మే 3 అని ఒకచోట కనబడుతోంది. ఏది రాయించాలి? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

బీవర్టన్_బాబాయ్

గోదారిగట్టు గారూ, మీ మనవడే రైటు. మీరున్న చోటి నుంచి ఆ స్థలం కారులో గంట లోపే. బీవర్‌క్రీక్ అనే ఊరి దగ్గర, అడవి దారి పక్కన. మా బీవర్టన్, ఆ బీవర్‌క్రీక్ వేరు వేరు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు మా ఆవిడే తికమక పడింది.

పెట్టినాయన పేరు డేవ్ అల్మర్, కంప్యూటర్ కన్సల్టెంట్. 2000 మే 3న ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్టు సగం భూమిలో పాతి, ఎక్కడుందో లెక్క ఇంటర్నెట్‌లో పెట్టాడు: 45 డిగ్రీల 17.460 నిమిషాల ఉత్తరం, 122 డిగ్రీల 24.800 నిమిషాల పశ్చిమం. పట్టుకోండి చూద్దాం అన్నాడు. అంతే, ఆట మొదలు.

మే 2 ఎందుకొచ్చిందో మన కెప్టెన్ గారు చెప్తే బాగుంటుంది. ఎక్కడున్నారు సార్?

ఉప్పుగాలి (విశాఖపట్నం)

పిలిచాక రాకుండా ఉంటానా. మధ్యాహ్నం కునుకు తీసి ఇప్పుడే చూశాను.

మే 2 నాకు బాగా గుర్తు. అప్పుడు నేను థర్డ్ ఆఫీసర్‌ని. ఓడ యూఏఈలోని ఫుజైరా బయట లంగరేసి ఉంది, ఇంధనం కోసం ఎదురుచూస్తున్నాం. లంగరు మీద ఉన్న ఓడలో జీపీఎస్ చూడటమంత విసుగు పని ఇంకోటి లేదు. ఓడ కదలదు, తెర మీద చుక్క మాత్రం కదులుతూనే ఉంటుంది. కాసేపు తూర్పుకి యాభై మీటర్లు, కాసేపటికి దక్షిణానికి ఎనభై. లంగరు జారితే మోగాలని అలారం పెడితే, జారకుండానే రాత్రంతా మోగేది. వృత్తం పెద్దది చేస్తే నిజంగా జారినప్పుడు తెలియదు. అందుకే ఒడ్డున ఉన్న దీపస్తంభాలకు బేరింగులు (ఏ దిక్కున ఎన్ని డిగ్రీల మీద ఉన్నాయో) తీసి, దాన్నే నమ్మేవాళ్ళం.

ఆ గెంతులు యంత్రం లోపం కాదు, కావాలని పెట్టినవి. జీపీఎస్ అమెరికా సైన్యం సొత్తు. ఉపగ్రహం ఏం చేస్తుందంటే, "నా గడియారంలో ఇప్పుడు ఇంత టైము" అని చెబుతూ ఉంటుంది. ఆ సంకేతం మన దాకా రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కకడతాం. ఆ సంకేతం కాంతి వేగంతో, సెకనులో వంద కోట్లో వంతులోనే 30 సెంటీమీటర్లు పోతుంది, కాబట్టి గడియారాన్ని వెంట్రుకవాసి కుదిపినా మన లెక్క పదుల మీటర్లు తప్పుతుంది. సరిగ్గా అదే చేసేవారు: గడియారాన్ని కుదిపి వదిలేవారు. సైన్యం రిసీవర్లకు ఆ కుదుపు తీసేసే తాళంచెవి ఉంటుంది. మనలాంటి వాళ్ళకి వంద మీటర్ల వరకు తప్పు. దీని పేరు సెలెక్టివ్ అవైలబిలిటీ. అందరూ ఎస్సే అనేవాళ్ళం.

మే 1న ప్రెసిడెంట్ క్లింటన్ దీన్ని ఆపేస్తున్నామని ప్రకటించాడు. వాషింగ్టన్‌లో ఆ అర్ధరాత్రి, అంటే గ్రీనిచ్ టైము మే 2 తెల్లవారి నాలుగు, మన దేశంలో పొద్దున తొమ్మిదిన్నర. ఫుజైరాలో అప్పుడు ఎనిమిది. ఎనిమిదికే నా వాచ్, అంటే ఓడ నడిపే డ్యూటీ, మొదలు! చీఫ్ ఆఫీసర్ దగ్గర్నుంచి డ్యూటీ తీసుకున్నాను, కాసేపటికి చూస్తే చుక్క నిలబడిపోయింది. సెట్టు పాడైందనుకుని ఆపి, మళ్ళీ వేశాను. మళ్ళీ నిలబడే ఉంది. రేడియో ఆఫీసర్ వచ్చి సంగతి చెప్పేదాకా నాకు అర్థం కాలేదు.

కాబట్టి మనవడితో ఇలా రాయించండి: మే 2న పొగమంచు తొలిగింది, మే 3న ఆట పుట్టింది.

మూడోకన్ను

కెప్టెన్ గారి కథ బాగుంది. నాకో అనుమానం. మే 2న ఆపితే మే 3కల్లా ఒకాయన బకెట్టు, సరుకు, నియమాలు అన్నీ సిద్ధం చేసేశాడా? ఇలాంటివి తర్వాత కూర్చుని అల్లుకున్న కథలు అయి ఉంటాయి. ప్రతి కంపెనీకీ ఒక గ్యారేజీ కథ ఉన్నట్టే. వంద మీటర్లు తప్పినా వెతుక్కోలేరా ఏంటి? అంత తేడా ఏం పడింది?

ఉప్పుగాలి

మీ రెండో ప్రశ్నకి చిన్న లెక్క. వంద మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రం గీస్తే ముప్ఫై ఒక్క వేల చదరపు మీటర్లు పైన, అంటే ఏడున్నర ఎకరాలు దాటుతుంది. పది మీటర్లకి తగ్గితే 314 చదరపు మీటర్లు. మన భాషలో చెప్పాలంటే 375 గజాల ప్లాటు. ఏడున్నర ఎకరాల అడవిలో బకెట్టు వెతకడం కూలి పని, 375 గజాల్లో వెతకడం ఆట.

ఇంకోటి. ఆ 17.460లో చివరి అంకె చూశారా? అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, 1852 మీటర్లు. దాంట్లో వెయ్యో వంతు 1.85 మీటరు. మనిషి నిలువెత్తు. ఎస్సే ఉన్నన్నాళ్ళు ఆ మూడో అంకె వట్టి అలంకారం.

చార్మినార్_ఛాయ్ (హైదరాబాద్)

375 గజాలంటే మా దగ్గర ఎంత పలుకుతదో తెల్సా కెప్టెన్ సాబ్. బకెట్టు పాతనీకి కాదు, మనిషిని పాతనీకి కూడ జాగ దొరకది.

నిర్వాహకుడు

రియల్ ఎస్టేట్‌కి వేరే విభాగం ఉంది, దయచేసి అక్కడికి వెళ్ళండి. (లెక్క మాత్రం బాగుంది.)

బీవర్టన్_బాబాయ్

మూడోకన్ను గారూ, అనుమానం న్యాయమే. కానీ దీనికి సాక్ష్యం మిగిలింది, ఎందుకంటే అంతా నలుగురి ముందూ రాతలోనే జరిగింది. ఆ రోజుల్లో యూజ్‌నెట్ అని ఉండేది, గుర్తుందా? ఒక్కో విషయానికి ఒక్కో న్యూస్‌గ్రూపు. ఉపగ్రహ నావిగేషన్ మీద "సై డాట్ జియో డాట్ శాటిలైట్‌నావ్" అనేది ఒకటి. జీపీఎస్ పిచ్చోళ్ళందరూ అక్కడే పోగయ్యేవారు. ఎస్సే తీసేయగానే అక్కడ పండగే. ఒక్కొక్కరూ రిసీవర్ బల్ల మీద పెట్టి, నాకింత వస్తోంది, నాకింత వస్తోంది అని అంకెలు రాయడమే పని.

అల్మర్ కూడా ఆ గుంపులో మనిషే. ఇంత కచ్చితంగా తెలుస్తుంటే ప్రపంచమంతా ఆడుకునే దాపుడు ఆట పెట్టొచ్చు కదా అని రాశాడు. దానికి పెట్టిన పేరు "గ్రేట్ అమెరికన్ జీపీఎస్ స్టాష్ హంట్". ఆలోచన రాసి ఊరుకోలేదు. వెళ్ళి బకెట్టు పెట్టి వచ్చి, పెట్టేశాను, ఇదిగో లెక్క అని మళ్ళీ రాశాడు. తయారీ అంటారా, చేతికందినవి వేసినట్టుంది: మ్యాప్ సాఫ్ట్‌వేర్, వీడియోలు, పుస్తకాలు, కొంచెం డబ్బు, తినడానికి ఒక బీన్స్ డబ్బా, ఒక వడిసెల. పుస్తకం, పెన్సిలూ పెట్టాడు. నియమం ఒక్క వాక్యం: ఒకటి తీసుకో, ఒకటి పెట్టు, పుస్తకంలో రాయి.

మూడు రోజుల్లో ఇద్దరు కనిపెట్టేశారు. మొదట చేరినాయన మైక్ టీగ్, నది అవతల వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్ మనిషి. ఆయన ఊరుకున్నాడా? తనూ డబ్బాలు పెట్టాడు, సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం దగ్గర. ఎవరెవరు ఎక్కడ పెట్టారో న్యూస్‌గ్రూపులో చెల్లాచెదురుగా పడి ఉన్నవి ఏరి, తన సొంత వెబ్ పేజీలో జాబితా కట్టడం మొదలుపెట్టాడు.

నాకు అల్మర్ కంటే టీగే గొప్పవాడనిపిస్తాడు. బకెట్టు ఎవరైనా పెడతారు. దాన్ని వెతుక్కుంటూ వెళ్ళేవాడు ఒకడు లేకపోతే అది చెత్తబుట్టే కదా.

అట్లకాడ (ఎక్సెటర్, ఇంగ్లండ్)

గోదారిగట్టు గారూ, మీ కోడలు పూర్తిగా తప్పు కాదండీ. ఆ అమ్మాయి పక్షాన నేను వాదిస్తా.

మా ఊరి పక్కనే డార్ట్‌మూర్. చెట్టూ చేమా లేని బీడు, గాలి, వాన, రాళ్ళ గుట్టలు. 1854లో జేమ్స్ పెరట్ అనే గైడు, క్రాన్మియర్ పూల్ అనే మారుమూల చోట ఒక గాజు సీసా పెట్టాడు. పేరుకే పూల్, ఉన్నదంతా బురదే. అప్పట్లో అక్కడిదాకా నడవడమే ఘనకార్యం, అందుకని వచ్చినవాళ్ళు తమ విజిటింగ్ కార్డు సీసాలో వేసి పోయేవారు. తర్వాత తర్వాత ఒక ముచ్చటైన అలవాటు వచ్చింది. సొంత అడ్రసు రాసిన పోస్టుకార్డు అందులో వదిలేసేవారు. తర్వాత వచ్చినవాడు దాన్ని తీసుకెళ్ళి పోస్టు చెయ్యాలి. ఎన్నాళ్ళకి ఇంటికి చేరుతుందో చూడటమే సరదా! అందుకే దీనికి లెటర్‌బాక్సింగ్ అని పేరు.

ఇప్పటికీ ఆడతారు. డబ్బాలో రబ్బరు స్టాంపు ఉంటుంది, మన పుస్తకంలో అది గుద్దుకుంటాం, మన స్టాంపు వాళ్ళ పుస్తకంలో గుద్దుతాం. జీపీఎస్ లేదు. ఫలానా గుట్ట ఇన్ని డిగ్రీల మీద, ఫలానా చర్చి గోపురం ఇన్ని డిగ్రీల మీద కనబడాలి అంటూ ఆధారాలు ఇస్తారు, దిక్సూచి పట్టుకుని తిరగాలి. మా ఆయన, నేను ఒకసారి మంచులో దారి తప్పి మూడు గంటలు ఒకే గుట్ట చుట్టూ ప్రదక్షిణ చేశాం. పుణ్యం వచ్చింది, డబ్బా రాలేదు.

అమెరికాలో 1998లో స్మిత్‌సోనియన్ పత్రికలో దీని మీద వ్యాసం వచ్చాక అక్కడా కొందరు మొదలుపెట్టారు. అంటే బకెట్టుకి రెండేళ్ళ ముందే. నూట నలభై ఆరేళ్ళు పెద్దదైన అక్కని పట్టుకుని అసలు లేనట్టు మాట్లాడితే ఎలా?

బీవర్టన్_బాబాయ్

అక్క అని ఒప్పుకుంటా, అమ్మ అని మాత్రం ఒప్పుకోను అమ్మా. లెటర్‌బాక్స్ దొరకాలంటే ఆ ప్రాంతం తెలియాలి, ఆధారం విప్పడం తెలియాలి. అల్మర్ ఆటలో అంకెలు ఉంటే చాలు, ఊరు తెలియక్కర్లేదు. అందుకే నెల తిరిగేసరికి సముద్రాలు దాటింది. మే 11న కాన్సస్‌లో మింగో దగ్గర పెట్టినది ఉంది చూశారా, పెద్ద హైవే పక్కన, ఇప్పటికీ నడుస్తున్న వాటిలో అదే అందరికంటే పాతది. జూన్ 3న ఐర్లండులో, బ్రే హెడ్ కొండ మీద యూరప్‌లో మొదటిది వచ్చేసింది.

అట్లకాడ

ఐర్లండు మాకు పక్కిల్లే. సరే, అక్క దగ్గర ఆగుతాను.

పల్నాటి_పిల్ల (నరసరావుపేట)

పెద్దల మధ్యలో దూరుతున్నాను, తిట్టకండి. ఎస్సే ఉండగానే మొదలైన ఆట ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ తలచుకోలేదు. డిగ్రీ కాన్‌ఫ్లుయెన్స్ ప్రాజెక్ట్. అలెక్స్ జారెట్ అనే ఆయన 1996 ఫిబ్రవరిలో మొదలుపెట్టాడు. అక్షాంశం, రేఖాంశం రెండూ పూర్తి డిగ్రీలు అయ్యే చోటికి వెళ్ళి, రిసీవర్‌లో సున్నాలన్నీ వరసగా పడగానే ఫొటో తీయాలి. ఆయన మొదట వెళ్ళింది న్యూ హాంప్‌షైర్‌లో 43 ఉత్తరం, 72 పశ్చిమం. అక్కడ డబ్బా ఉండదు, ఏమీ ఉండదు. అంకె ఒక్కటే.

అలాంటిది మాకు దగ్గర్లో ఒకటుంది: 16 ఉత్తరం, 80 తూర్పు. వినుకొండకీ చిలకలూరిపేటకీ మధ్య, కాస్త దక్షిణంగా. నేను స్కూల్లో సోషల్ చెప్తాను. అక్షాంశాలు అంటే పిల్లలకి గ్లోబు మీద గీతలే కదా, ఒకసారి కాళ్ళతో తొక్కితే తెలుస్తుందని మా తమ్ముణ్ణి బండి మీద ఎక్కించుకుని ముందు నేను చూసొద్దామని బయల్దేరాను. చేలో దిగి, ఫోను పట్టుకుని రెండడుగులు ముందుకి, ఒకటి వెనక్కి వేస్తున్నా. ఒక పెద్దాయన పరుగున వచ్చి, "ఏమ్మా, సర్వేనా? రోడ్డు పడతందా? మా పొలం పోద్దా?" అన్నాడు. సున్నాల కోసం వచ్చానంటే ఎలా నమ్ముతాడు? అక్షాంశాలు, రేఖాంశాలు అని పావుగంట చెప్పాను. అంతా విని, "అయితే మా చేలో ఏదో ఉందంటావు" అన్నాడు. తర్వాత ఎవరైనా తవ్వారేమో అని ఇప్పటికీ భయమే.

చార్మినార్_ఛాయ్

అక్కా, నువ్వు బతికి బయటపడ్డవ్. మన దిక్కు గుప్తనిధుల కేసులు ఎన్ని. పాత గుడి పక్కన రాత్రిపూట లైటు పట్టుకుని కనబడితే చాలు, ఊరంత కర్రలు పట్టుకుని వస్తరు. ఇంక జీపీఎస్ పట్టుకుని "నిధి వెతుకుతున్న" అన్నవనుకో, అయిపాయె. చట్టం కూడ ఉంది, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం. భూమిల దొరికింది పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు చెప్పాలె. అల్మర్ బకెట్టు ఇక్కడ దొరికుంటే పంచనామా అయ్యేది.

నేను ఒకటి పెట్టిన. ఎక్కడో చెప్పను, ఖాజాగూడ దిక్కు పెద్ద రాళ్ళుంటయి కదా, అసొంటి చోట. పాత ఫిలిం డబ్బాల కాగితం చుట్టి, రాయి సందుల పెట్టిన. ఆరు నెలలకు పోయి చూస్తే డబ్బా లేదు. డబ్బా సంగతి ఇడిసిపెట్టుండ్రి, రాయే లేదు! బ్లాస్టింగ్ చేసి ఎత్తుకపోయిన్రు. రాయిని దొంగతనం చేస్తే ఎవనికి చెప్పుకోవాలె?

ఇంకో మాట, నవ్వులాటకి కాదు. 2007ల లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ళు చూసిన ఊరు మాది. ఎవనిదో తెల్వని డబ్బా కనబడితే ముట్టొద్దని చిన్నప్పటిసంది వింటం. అమెరికాల ఈ ఆటకు మస్తు ఇష్టమైన డబ్బా ఏందో తెల్సా? మిలిటరీ తూటాల పెట్టె. వాన నీరు పోదు, తుప్పు పట్టదు అంటరు. అది ఇక్కడ పార్కుల పెడితే బాంబు స్క్వాడే ఫస్ట్ ఫైండర్.

ఉప్పుగాలి

హాహా. అన్నీ ఇక్కడ కుదరవు, నిజమే.

పల్నాటి పిల్ల చెప్పింది చాలా సరైన ఉదాహరణ. 1996లో సున్నాలు పట్టుకోవడమంటే పడుతున్న వానలో ఒకే చుక్కని పట్టుకోవడం. సున్నా వచ్చిన క్షణానికే పోయేది. కొందరు రిసీవర్‌ని గంటల తరబడి ఒకేచోట పెట్టి సగటు తీసేవారు. తమాషా ఏమిటంటే, అమెరికా సైన్యం ఇటు తప్పు కలుపుతుంటే, అమెరికా కోస్ట్‌గార్డు అటు ఓడల కోసం ఆ తప్పును సరిచేసే రేడియో సంకేతాలు పంపేది. ఇంట్లో ఒకరు ఉప్పు వేస్తే ఇంకొకరు నీళ్ళు పోసినట్టు. ఇంకో వింత: 1991 గల్ఫ్ యుద్ధంలో సైన్యం దగ్గర సొంత రిసీవర్లు చాలక, సైనికులు బజారు రిసీవర్లే వాడారు. దాంతో కొన్నాళ్ళు ఎస్సేని వాళ్ళే ఆపుకోవాల్సి వచ్చింది!

మన పక్కన శ్రీహరికోట నుంచి 2013 జులై 1న మన సొంత నావిగేషన్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం ఎగిరింది, ఇప్పుడు నావిక్ అంటున్నారు. ఇంకొకరి స్విచ్ మీద ఆధారపడితే ఎలా ఉంటుందో ఓడల వాళ్ళని అడగండి.

మూడోకన్ను

సరే, బకెట్టు కథ ఒప్పుకుంటున్నాను. మరి "స్టాష్ హంట్" అని పుట్టింది "జియోక్యాషింగ్" ఎలా అయింది? జియోక్యాషింగ్ డాట్ కామ్ అనే వెబ్‌సైట్ వాళ్ళు ట్రేడ్‌మార్క్ కోసం పెట్టుకున్న పేరే కదా? ఆటను కూడా వాళ్ళే కనిపెట్టారని చాలామంది అంటారు.

బీవర్టన్_బాబాయ్

కాదు సార్, పేరు వెబ్‌సైట్ కంటే మూడు నెలలు పెద్దది. స్టాష్ అనే మాటకి ఇక్కడ ఇంకో వాసన ఉంది. మనం "సరుకు దాచాను" అంటే ఎలా వినిపిస్తుందో అలాగే, గంజాయి దాచినట్టు ఉంటుంది. పిల్లలతో ఆడే ఆటకి అదేం పేరు అని మెయిలింగ్ లిస్టులో చర్చ వచ్చింది. 2000 మే 30న మ్యాట్ స్టమ్ అనే సభ్యుడు "జియోక్యాషింగ్" అని సూచించాడు. జియో అంటే భూమి. క్యాష్ అంటే ఫ్రెంచిలో దాచిన చోటు. కంప్యూటర్‌లో మళ్ళీ వాడుకోవడానికి దాచుకునేదాన్నీ అదే మాటతో పిలుస్తారు. రెండు రకాల జనానికీ సరిపోయింది. గోదారిగట్టు గారి బ్యాంకు క్యాష్‌కి మాత్రం సరిపోలేదు!

వెబ్‌సైట్ సంగతి. జెరెమీ ఐరిష్ అని సియాటిల్‌లో ఒక వెబ్ డెవలపర్. జులైలో జీపీఎస్ గురించి వెతుకుతుంటే టీగ్ పేజీ తగిలింది. రిసీవర్ కొనుక్కుని ఒక డబ్బా వెతికి తెచ్చుకున్నాడు, అంతే, ఎక్కేసింది. టీగ్‌తో మాట్లాడి, సెప్టెంబర్ 2న జియోక్యాషింగ్ డాట్ కామ్ మొదలుపెట్టాడు. అప్పటికి ప్రపంచం మొత్తం మీద తెలిసిన డబ్బాలు 75. సరిగ్గా డెబ్బై ఐదు. ఇవాళ ముప్ఫై లక్షలు దాటాయి.

అదే నెలలో స్లాష్‌డాట్ అనే కంప్యూటర్ వార్తల సైట్‌లో దాని ప్రస్తావన వచ్చింది, కంప్యూటర్ జనం మీద పడ్డారు. అక్టోబర్‌లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఇక చూస్కోండి. తర్వాత ఇద్దరు స్నేహితులతో కలిసి గ్రౌండ్‌స్పీక్ అని కంపెనీ పెట్టాడు. డబ్బు కట్టే సభ్యత్వం వచ్చాక పాతకాపులు కొందరు గొణిగారు, నేనూ గొణిగినవాణ్ణే. అయినా సర్వర్ ఖర్చులు ఎవరు పెట్టుకుంటారు చెప్పండి.

పల్నాటి_పిల్ల

బాబాయ్ గారూ, అప్పుడు ఫోన్లలో జీపీఎస్ లేదు కదా, ఎలా వెతికేవారు?

బీవర్టన్_బాబాయ్

ఇంట్లో పేజీ ప్రింటు తీసుకుని, అంకెలు ఒక్కొక్కటి బటన్లు నొక్కుతూ రిసీవర్‌లో ఎక్కించి, కారు వరకు కాగితం మ్యాపు, అక్కడినుంచి బాణం. నాది పసుపు రంగు ఈట్రెక్స్, 2000లో వచ్చిన మోడలే. తెర మీద రోడ్డుండదు, నదుండదు, ఒక బాణం, ఒక దూరం. అది 40 మీటర్లు అని నేరుగా వాగు అవతలికి చూపించేది! ఒక అంకె తప్పు నొక్కి నేను ఒకసారి ఎవరిదో పెరట్లోకి వెళ్ళాను. కుక్క ఉంది. ఇంకేం అడక్కండి.

సైట్‌లో ఒక్కో డబ్బా పేజీ చివరన ఒక చిన్న సూచన ఉంటుంది, కానీ గూఢలిపిలో. ఏ బదులు ఎన్, బీ బదులు ఓ, అలా ప్రతి అక్షరాన్నీ పదమూడు స్థానాలు జరుపుతారు. చిన్నప్పుడు మనం పెద్దాళ్ళకి తెలియకుండా "క" భాష మాట్లాడేవాళ్ళం చూడండి, అంత గూఢం. కావాలంటే విప్పుకోవచ్చు, పొరపాటున కంటపడకూడదు. అడవిలో నిలబడి పెన్సిల్‌తో అక్షరాలు విప్పుతుంటే, తీరా వచ్చే సూచన "రాయి కింద" అని. చుట్టూ రెండొందల రాళ్ళు.

గోదారిగట్టు

అమ్మో, ఒక్క ప్రశ్నకి ఇంత వస్తుందనుకోలేదు. మనవడికి తెలుగు చదవడం రాదు, నేనే కూర్చుని అన్నీ చెప్పాను. కెప్టెన్ గారి ఓడ కథ రెండుసార్లు చెప్పించుకున్నాడు. వాడికో సందేహం: ఆ మొదటి బకెట్టు ఇప్పుడుందా?

బీవర్టన్_బాబాయ్

బకెట్టు లేదు, ఎప్పుడో పోయింది. ఆ చోట 2003లో ఒక స్మారక ఫలకం పెట్టారు. కానీ తుప్పుపట్టిన బీన్స్ డబ్బా దొరికింది. నిజమే చెప్తున్నా. దాన్ని ఈ ఆటలో ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి తిరిగే ప్రయాణ వస్తువుగా నమోదు చేశారు, దాని నంబర్ 43ఏ2. వేడుకలకి తీసుకొస్తే జనం వరసలో నిలబడి చూస్తారు. తిరుపతిలో కూడా అంత ఓపిక ఉండదు.

మీ వాడి ప్రాజెక్టుకి ఇది బాగుంటుంది: ఇవాళ్టి నిబంధనల ప్రకారం అల్మర్ బకెట్టు రిజెక్టు. స్థలం వాళ్ళ అనుమతి లేకుండా భూమిలో పాతకూడదు, ఆయన సగం పాతాడు. తిండి పెట్టకూడదు, జంతువులు వస్తాయి. ఆయన బీన్స్ పెట్టాడు.

ఈ శనివారం ఖాళీ అయితే చెప్పండి, నేనే తీసుకెళ్తాను. మీ అబ్బాయి వాళ్ళది వెస్ట్‌సైడేనా?

అట్లకాడ

వెళ్ళి రండి. డబ్బాలో వెయ్యడానికి చిన్న వస్తువేదైనా పట్టుకెళ్ళండి, వట్టి చేతులతో వెళ్ళకండి. తాంబూలం లాంటిదే అనుకోండి.

చార్మినార్_ఛాయ్

అక్క మాట ఇని ఆకు, వక్క పెట్టకుండ్రి. తిండి రూల్ ఉంది.

గోదారిగట్టు

శనివారం వెళ్ళొచ్చాం. బాబాయ్ గారు పొద్దున తొమ్మిదికే కారు తెచ్చారు. వాళ్ళావిడ పులిహోర కట్టిచ్చారు, ఇద్దరికీ ధన్యవాదాలు.

దారంతా దేవదారు చెట్లు. రోడ్డు పక్కన కాస్త జాగా, నేలలో ఫలకం. ఇంత కథ విని వెళ్ళాను కదా, ఏదో పెద్దదిగా ఊహించుకున్నాను. ముందు చిన్నబుచ్చుకున్నాను కూడా. మా వాడు మాత్రం ఫలకం పక్కన గొంతుక్కూర్చుని, ఫోనులో అంకెలు చూసుకుంటూ ఒక జానెడు అటు, ఒక జానెడు ఇటు జరిగాడు. 17.460 పడగానే గట్టిగా అరిచాడు. రోడ్డు మీద పోతున్న ట్రక్కు ఆయన హారన్ కొట్టి చెయ్యి ఊపాడు. ఇక్కడివాళ్ళకి అలవాటే కాబోలు.

దగ్గర్లో పెట్టిన డబ్బా వాడే తీశాడు. నా పర్సులో ఎప్పటినుంచో ఉన్న పాత రూపాయి బిళ్ళ అందులో వేసి, ఒక ప్లాస్టిక్ డైనోసార్ తీసుకున్నాడు. బేరం నష్టమా లాభమా అని అడిగితే, "తాతా, ఇది క్యాష్ కాదు, క్యాష్" అన్నాడు. రెండూ ఒకలాగే వినిపించాయి నాకు.

పుస్తకంలో నేను తెలుగులో సంతకం పెట్టాను. తిరగేసి చూస్తే జర్మన్, జపనీస్, ఇంకేవో లిపులు కనబడ్డాయి, తెలుగు ఇంకెక్కడా లేదు. బాబాయ్ గారు చాలా ఏళ్ళ కిందట రాశారట, ఆ పుస్తకం నిండిపోయి మార్చేశారని చెప్పారు.

ప్రాజెక్టులో రెండు తేదీలూ రాయించాను. ఓడ బొమ్మ ఒకటి, బకెట్టు బొమ్మ ఒకటి. డార్ట్‌మూర్ సీసా కూడా ఉండాలని కోడలు పట్టుబట్టి, అట్ట మూలన వేయించింది.

ఇప్పుడు వాడికి ఇంకో ఆలోచన పుట్టింది. వేసవి సెలవులకి రాజమండ్రి వచ్చినప్పుడు మన గట్టు మీద ఒకటి పెడదామంటున్నాడు. ఎలాంటి డబ్బా అయితే బాగుంటుంది?

చార్మినార్_ఛాయ్

తూటాల పెట్టె మాత్రం వద్దు సార్.

ఉప్పుగాలి

గట్టు లోపలివైపు పెట్టకండి. ఆగస్టులో గోదారి వచ్చిందంటే మీ డబ్బా యానాం దాటి సముద్రంలో కలుస్తుంది. ఏదైనా తెలిసినవాళ్ళ ప్రహరీ లోపల, వాళ్ళకి చెప్పి పెట్టండి. మూతకి రబ్బరు వాషర్ ఉన్నది చూసుకోండి. అంకెలు మాత్రం ఇక్కడ ముందు పెట్టండి, విశాఖ నుంచి జన్మభూమి ఎక్కితే మధ్యాహ్నానికి ముందే నేనుంటాను.

పల్నాటి_పిల్ల

కెప్టెన్ గారూ, ఫస్ట్ నేనే! నరసరావుపేట నుంచి తెల్లారకముందే బయల్దేరతా.